జపమాలలమ్మిన మా బావ

మా అక్క మొగుడు సబాతో లిమెంతాని యూదుడు. రోములో పోపుగారి పెద్ద చర్చికి పోయే దారిలో నిలబడి, మెడకు తగిలించుకున్న చెక్కపెట్టెలోంచి క్రైస్తవ యాత్రికులకు జపమాలలు అమ్మేవాడు. ఇందులో వింతేముందో నాకెప్పుడూ బోధపడలేదు గానీ, ఈ మాట విన్న ప్రతివాళ్ళూ ఒక్కసారి ఆగి నా మొహంకేసి చూస్తారు. చూసుకోండి. వాళ్ళ తాత అమ్మాడు, నాన్న అమ్మాడు, ఈయనా అమ్మాడు. పాతకాలంలో రోమును ఏలిన పోపులు మావాళ్ళను పొలం కొననివ్వలేదు, కొత్తబట్టల కొట్టు పెట్టుకోనివ్వలేదు. పాతగుడ్డలూ, ఇదిగో ఇలాంటి చిల్లర సరుకూ మిగిలాయి. మిగిలినదాన్నే పట్టుకుని మావాళ్ళు బతుకు లాక్కొచ్చారు. దాన్ని తప్పనేవాళ్ళెవరైనా ఉంటే ఇలా నా ముందుకొచ్చి అనమనండి.

మా వాడలో ఇంటిపేర్లు గుప్పెడే. ఒకే పేరున్నవాళ్ళు మెట్లకొకరు తగులుతారు. అందుకని పుట్టినవాడికల్లా ఒక మారుపేరు ఉంటుంది. మా బావను బిషప్పు అనేవాళ్ళు. ఏ పునీతుడి పండగ ఏ నెలలో వస్తుందో, పంటినొప్పికి ఏ పునీతురాలి పతకం అడుగుతారో, దారి తప్పిన మేకకు ఎవర్ని మొక్కుకుంటారో అన్నీ ఆయన నాలుక చివరే ఉండేవి. నన్ను సూది అంటారు. చిరిగిన బట్టను అతుకు కనపడకుండా కుడతాను కాబట్టి ఆ పేరొచ్చిందని నేను చెప్పుకుంటాను. నీ నోటిని బట్టి పెట్టారే పెర్లా అని మా అక్క అల్లెగ్రా అంటుంది. అక్క మాట పట్టించుకోకండి.

బావ మనిషి లావు, గొంతు సన్నం. గొడవంటే ఆమడదూరం. పెళ్ళైన కొత్తలో మా అక్క కేకలేస్తుంటే మెట్లమీదకొచ్చి కూర్చునేవాడు. "ఏం బావా, ఇంట్లో యుద్ధమా?" అంటే, "లేదు పిల్లా, గాలి కోసం వచ్చా" అనేవాడు. పెద్ద యుద్ధానికి కూడా వెళ్ళొచ్చాడు. కొండల్లో కంచరగాడిదలు తోలాడు. పతకం ఏదీ రాలేదు. "గాడిదలకైనా ఇచ్చారేమో గానీ వాటి వెనక నడిచినవాడికి ఎవరిస్తారే" అని తనే నవ్వేవాడు. ఆ లేని పతకాన్ని ముందుముందు ఎంత తలుచుకుంటామో అప్పుడు మాకెవరికీ తెలీదు.

దారిలో ఆయన పక్కనే నజ్జరేనో అని ఇంకొకడు పెట్టె పట్టుకుని నిలబడేవాడు. వాడు క్రైస్తవుడు. పొట్టి మనిషి, ఎప్పుడూ ముక్కు చీదుతూ ఉంటాడు, పునీతుల పేర్లు కలగాపులగం చేస్తాడు. యాత్రికులు ఏదైనా అడిగితే "ఒరేయ్ సబాతో, ఈవిడకి కళ్ళజబ్బుట, ఎవర్నివ్వాలిరా?" అని అరిచేవాడు. బావ చెప్పేవాడు. బేరం మాత్రం నజ్జరేనోదే. పోటీదారులు కదా అని నేనంటే, "వాడు లేకపోతే రోజంతా ఎవరితో మాట్లాడను?" అనేవాడు బావ. వాడికి ఊపిరితిత్తుల్లో నెమ్ముచేసి మంచంపట్టినప్పుడు రెండు పెట్టెలూ మెడకు తగిలించుకుని అమ్మి, సాయంత్రం వాడివి వాడి పెళ్ళానికి అప్పజెప్పి ఇంటికొచ్చేవాడు. మా అక్క కూతురు రీనా పెళ్ళికి వాడు కుటుంబంతో వచ్చి, మా వాడలో చేసే ఆర్టిచోకు మొగ్గల వేపుడు మళ్ళీమళ్ళీ వడ్డించుకుని తిని, కుర్చీలోనే నిద్రపోయాడు.

బావకొక పద్ధతుండేది. పెద్ద పండగలప్పుడు పోపుగారు మేడమీద వరండాలోకి వచ్చి జనాన్నంతా దీవిస్తారు. అప్పుడు గంటలు మోగడం మొదలవగానే బావ తన పెట్టె మూత వేసేసేవాడు. దీవెన అయిపోయాకే తీసేవాడు. ఎందుకంటే మంత్రించిన వస్తువును డబ్బుకు అమ్మితే ఆ దీవెన పోతుందని వాళ్ళలో ఒక నియమం ఉంది. వాళ్ళ తాతకు ఎవరో ముసలి ఫాదరు చెప్పాడట. కొన్నవాళ్ళు తర్వాత తీసుకెళ్ళి మంత్రింపించుకోవాలి గానీ, ముందే దీవెన తగిలిన సరుకు అమ్మకూడదు. క్రైస్తవుడైన నజ్జరేనో ఏనాడూ మూత వెయ్యలేదు. "దీవెన అంత దూరం నుంచి నా పెట్టెను వెతుక్కుంటూ వస్తుందిట్రా?" అని నవ్వేవాడు. బావ నవ్వేవాడు కాదు. "వాళ్ళ నమ్మకం మీద మనం తింటున్నాం పిల్లా. వాళ్ళని మోసం చెయ్యకూడదు" అనేవాడు నాతో.

పందొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో ఎండాకాలం అయిపోగానే చట్టాలు వచ్చాయి. ప్రభుత్వం మమ్మల్ని వేరే జాతి అంది. పంతుళ్ళను బళ్ళలోంచి తీసేశారు, పిల్లల్ని వెళ్ళగొట్టారు, ఆఫీసుల్లో ఉన్నవాళ్ళు రాత్రికి రాత్రి ఇంటిమొహం పట్టారు. మా వాడలో జనం గుంపులుగా నిలబడి ఒకటే వాదన. ఇది బయటిదేశాల నుంచి వచ్చిన యూదుల గురించేనని ఒకడు, కాదు డబ్బున్నవాళ్ళ గురించని ఇంకొకడు. యుద్ధంలో పతకాలొచ్చినవాళ్ళను ముట్టుకోరట అని మరొకడు. ఎవడి మాటకూ తలా తోకా లేదు. పేపరు చదివినవాడికి చదవనివాడికన్నా ఎక్కువ అయోమయం.

"మనకేం భయం లేదే. మనమేమన్నా పంతుళ్ళమా?" అన్నాడు బావ.

"పతకం తెచ్చుకుని ఉంటే ఇంకా ధైర్యంగా ఉండేది కదయ్యా" అంది అక్క.

"ఎవరిమీద దూకి తెచ్చుకోమంటావు? గాడిదమీదా?"

అందరం నవ్వాం. అప్పటికింకా నవ్వొస్తోంది.

ఆ దారిలో ఒక పోలీసు హెడ్డు ఉండేవాడు. మీసాలకు రంగేసుకునే మంచి మనిషి. బావను కుర్రతనం నుంచీ ఎరుగును. చట్టాలొచ్చిన మరుసటేడు చలికాలంలో ఒకరోజు వచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి చెప్పాడట.

"సబాతో, మీవాళ్ళు పవిత్రమైన వస్తువులు అమ్మకూడదటయ్యా. పైనుంచి వచ్చింది."

"నేను పవిత్రమైనవి అమ్మనండీ" అన్నాడు బావ.

"మరి ఈ పెట్టెలో ఉన్నవేంటి?"

"పూసలూ, దారమూ. మంత్రించాకే కదండీ పవిత్రం. మంత్రించినవి నా దగ్గరుండవు. దీవెనప్పుడు మూత కూడా వేస్తాను. మీరే చూశారుగా?"

హెడ్డు తల గోక్కున్నాడు. నిజమే చూశాడు. "నువ్వు చెప్పిందీ బాగానే ఉంది. కనుక్కుని చెప్తా ఉండు" అని వెళ్ళాడు. బావ ఇంటికొచ్చి ఆ సంగతి మాకు చెప్తూ ఎంత సంబరపడ్డాడో! చట్టం ఏదో పొరపాటు పడింది, తను సర్దిచెప్పాడు, అంతే అనుకున్నాడు. ఆయన మనసులో చట్టమంటే వస్తువుల గురించే, తన గురించి కాదు. ఈ ముక్క నేనెంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

హెడ్డు కనుక్కుని వచ్చాడు. మంత్రించకముందు కూడా పవిత్రమేనట. సరేనని బావ జపమాలలన్నీ సంచిలో కట్టి మంచం కింద పెట్టి, పాతకోటల బొమ్మలున్న కార్డులూ, దువ్వెనలూ పెట్టెలో సర్దుకున్నాడు. దువ్వెనలో ఏ పవిత్రతా లేదు కదా. నాలుగు వారాలు తిరక్కుండానే హెడ్డు మళ్ళీ వచ్చాడు. ఈసారి కళ్ళలోకి చూడకుండా లైసెన్సే ఇచ్చెయ్యమన్నాడు.

"దేనికండీ? దువ్వెనలకి కూడానా?"

"దేనికైనానయ్యా. నువ్వు ఈ దారిలో నిలబడి ఏమీ అమ్మకూడదు."

"ఊరికే నిలబడొచ్చా?"

"అదీ కనుక్కోవాలి" అన్నాడు హెడ్డు. ఆయనకూ తెలీదు మరి.

బావ ఇంట్లో కూర్చున్నాడు. నేను చూసిన చూపుల్లో అంత దిక్కులేని చూపు ఇంకోటి లేదు. పొద్దున్నే లేచి బూట్లు తుడుచుకునేవాడు, కట్టుకునేవాడు, మళ్ళీ విప్పి మంచం పక్కన పెట్టేవాడు. ఆ దారిలో నిలబడటం తప్ప ఆయనకు ఇంకో పని రాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరిమీద మండాలో తెలీక మా అక్కతో పోట్లాడేదాన్ని.

ఉపాయం చెప్పింది అక్కే. సరుకు నజ్జరేనో పెట్టెలో పెడదాం, వాడి లైసెన్సుమీద వాడే అమ్ముతాడు, వచ్చింది చెరిసగం. ఈ పిచ్చి తగ్గేదాకా అలా నడిపిస్తే, తర్వాత బావ తన చోట తను నిలబడొచ్చు. అప్పట్లో మా వాడలో సగం కొట్లు ఇలాగే ఎవరో ఒక క్రైస్తవ స్నేహితుడి పేరుమీద నడిచేవి. నజ్జరేనోను పిలిచి ఉప్పుచేప వేపుడు పెట్టి అడిగాం. వాడు ముక్కు చీది, "దానికింత తిండి పెట్టాలా అక్కా? నువ్వు తిట్టి చెప్పినా చేసేవాణ్ణి" అని బావ భుజం పట్టుకుని ఏడ్చాడు. బావా ఏడ్చాడు. ఇద్దరూ కలిసి ఆ చేప మొత్తం తినేశారు.

ఒక షరతు మాత్రం పెట్టాడు నజ్జరేనో. "నువ్వు నా దగ్గరికి రాకూడదురా. ఎవరైనా చూస్తే ఇద్దరం పోతాం. నా పెళ్ళాం ఇప్పటికే వణికి చస్తోంది."

"రాను" అన్నాడు బావ.

రాకుండా ఎక్కడుంటాడు? దారికి అవతల, ఇళ్ళు కూలగొట్టి రోడ్డు వెడల్పు చేస్తున్న దగ్గర, ఆ దుమ్ములో ట్రాముకోసం చూస్తున్నవాడిలా నిలబడేవాడు. ఏ ట్రామూ ఎక్కేవాడు కాదు. సాయంత్రం ఇంటికొచ్చి, "ఇవాళ తెల్లపూసలవి బాగా పోయాయే. వాడు మళ్ళీ పేర్లు తప్పు చెప్పాడు, నాకు చెయ్యూపి చెప్పబోయి ఆగిపోయాను" అనేవాడు. మొహంలో కాస్త కళ కనబడుతోందని అక్క కూడా ఊరుకుంది.

ఈస్టరు వచ్చింది. బయటిదేశాల్లో మళ్ళీ యుద్ధం మొదలైంది గానీ ఇంకా మా దేశం దాకా రాలేదు. జనం ఇసకవేస్తే రాలనట్టున్నారు. అక్కకు మోకాళ్ళ నొప్పి. బావకు అన్నం పట్టుకెళ్ళమని నాకు రొట్టే, వంకాయ కూరా కట్టిచ్చింది. నేను వెళ్ళేసరికి గంటలు మొదలయ్యాయి. దూరంగా మేడమీద తెల్లటి చుక్కలా పోపుగారు. అంతే, దారి పొడుగునా జనమంతా మోకాళ్ళమీద వాలిపోయారు. నజ్జరేనో కూడా వాలాడు. వాడి పెట్టె బార్లా తెరిచే ఉంది. అందులో ఉన్నవి మా బావ జపమాలలు.

నా పక్కన నిలబడ్డ బావ "అయ్యో, మూత!" అన్నాడు.

నేను చొక్కా పట్టుకోబోయాను. అందలేదు. మోకాళ్ళమీదున్న అంతమంది మధ్యలోంచి, వాళ్ళను దాటుకుంటూ, తొక్కకుండా తప్పించుకుంటూ, అంత లావు మనిషి ఒక్కడే నిలువుగా పరిగెత్తాడు. వెళ్ళి నజ్జరేనో పెట్టె మూత టప్పున వేసి, దానిమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఆ దారిలో ఉన్న కళ్ళన్నీ ఆయనమీదే.

దీవెన అవగానే, నల్లచొక్కాలేసుకు తిరిగే సర్కారు పార్టీవాడొకడు వచ్చి బావ మెడపట్టీ పట్టుకున్నాడు. "ఎవడ్రా నువ్వు? ఆ పెట్టె మీద చెయ్యెందుకేశావు?" హెడ్డు కూడా రొప్పుకుంటూ వచ్చి మధ్యలో దూరాడు. ఈలోగా నేనూ జనాన్ని తోసుకుంటూ అక్కడికి చేరాను.

"ఉండండి, నేనడుగుతా" అన్నాడు హెడ్డు. గొంతు పెంచి, "ఏమయ్యా నజ్జరేనో, ఈ మనిషెవరో నీకు తెలుసా?" అన్నాడు. అంటూనే కళ్ళు పెద్దవి చేసి వాడికేసి చూశాడు.

నజ్జరేనో మొహం సున్నం కొట్టినట్టయింది. "నేనెరగనండీ. ఎవడో పిచ్చోడు. ముక్కూ మొహం తెలీదు" అన్నాడు.

"విన్నారుగా? మతిలేనివాడు. పండగపూట మనకెందుకు? ఏయ్, పో ఇక్కణ్ణించి!" అని హెడ్డు బావను నావైపు ఒక్క తోపు తోశాడు. నల్లచొక్కావాడి పట్టు వదిలింది. నాకు అర్థమైంది. పక్కనున్న పూలమ్మే ఆవిడకి అర్థమైంది. అర్థం కానిది లోకంలో ఒక్కడికే.

"నడు బావా" అని మోచెయ్యి గిల్లాను. కదల్లేదు. నజ్జరేనో మొహంలోకే చూస్తున్నాడు.

"నేనెవరో నీకు తెలీదా?" అన్నాడు. ఆ సన్నగొంతు ఇంకా సన్నమైపోయింది.

"పోవయ్యా బాబూ, పో!" అన్నాడు నజ్జరేనో.

"ముక్కూ మొహం తెలీదా? నువ్వు నెమ్ముచేసి పడుంటే నీ పెట్టె మోసిందెవర్రా? మా రీనా పెళ్ళిలో మెక్కి కుర్చీలో గురకపెట్టిందెవర్రా? ఏరా, ఈ పెట్టెలో సగం సరుకెవరిదిరా? చెప్పరా!"

హెడ్డు కళ్ళు మూసుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా బావ గొంతెత్తింది అదొక్కసారే.

తర్వాతేముంది? సరుకంతా పట్టుకుపోయారు. యూదుడికి చాటుగా నిలబడ్డాడని నజ్జరేనో లైసెన్సు కూడా లాక్కున్నారు, ఇంకెప్పటికీ ఇవ్వమన్నట్టు. బావను లోపల పడేసి, చెంపలు వాచేలా కొట్టి పంపించారు.

అక్క తడిగుడ్డ కాపడం పెడుతూనే తిట్టింది. "నిన్ను కాపాడటానికన్నాడయ్యా వాడు! ఆ మాత్రం తెలీదా? తల వంచుకుని వచ్చేస్తే పోయేది కాదూ?"

"అలాగైతే ముందే చెప్పాలి కదే" అన్నాడు బావ.

"ముందెలా చెప్తాడు? చీటీ రాసిస్తాడా?"

"నేను వాడి మొహం చూశాను అల్లెగ్రా. నిజంగానే తెలీనివాడిలా చూశాడు. అబద్ధమైతే ఎక్కడో కొంచెం తెలియాలి కదా? వాడికి అంత బాగా అబద్ధం ఎలా వచ్చింది?" నావైపు తిరిగి, "ఇన్నాళ్ళూ చట్టమే అర్థం కావట్లేదనుకున్నా పిల్లా. ఇప్పుడు మనుషులు మాట్లాడేది కూడా అర్థం కావట్లేదు" అన్నాడు.

నాలుగు మాటలు అనాలని వెళ్ళినదాన్ని, అక్కకు ఇంకో గుడ్డ తడిపిచ్చి వచ్చేశాను. నాకు కోపం రాక కాదు. వచ్చింది. ఆ వెర్రిబాగుల మనిషిమీద, మొహాన ఒక్క సైగ చెయ్యలేని ఆ చీమిడిముక్కువాడిమీద, ఇద్దరు పెట్టెలవాళ్ళను పట్టుకుని దేశాన్ని బాగుచేస్తున్నామనుకునే ఆ వెధవలమీద. ఎవరి వంతు ఎంతో తేల్చుకోలేక చచ్చాను.

ఆ తర్వాత బావ, నేను తిరిగే ఇళ్ళకే నాతో పాతగుడ్డలు ఏరడానికి వచ్చేవాడు. దానికీ లైసెన్సు కావాలి, అదీ మాకివ్వరు, కానీ గుడ్డలు సంచిలో కనపడవు. నజ్జరేనో ఇళ్ళు కూలగొట్టే దగ్గర రాళ్ళు మోసే కూలికి కుదిరాడని విన్నాం. బావ రెండుసార్లు వాళ్ళింటికి వెళ్ళాడు. రెండుసార్లూ వాడి పెళ్ళాం కిటికీలోంచి చూసి తలుపు తియ్యలేదు.

ఒకరోజు మేమిద్దరం మూటలతో టైబరు నదిమీద వంతెన దాటుతుంటే ఎదురుగా నజ్జరేనో వచ్చాడు. జుట్టంతా సున్నపు దుమ్ము. ఒక్కడే. బావ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒరేయ్ నజ్జరే..." అన్నాడు.

నజ్జరేనో ఆగి సూటిగా చూశాడు. "మీరెవరండీ?" అన్నాడు నిమ్మళంగా. జవాబుకోసం ఆగలేదు, పక్కనుంచి వెళ్ళిపోయాడు.

ఈసారి బావ అరవలేదు. టోపీ పెట్టుకుని, తెలీని మనిషి ఎదురైనట్టే, చూపు నేలకేసి నడిచాడు. వంతెన దిగాక ఆగాడు.

"చూశావా పిల్లా, ఇవాళ నోరు జారలేదు. వంతెన అవతల చివర నల్లచొక్కాలిద్దరున్నారు, నేనూ చూశా. వాళ్ళున్నారనే కదూ వాడలా అన్నాడు?"

వెనక్కి తిరిగి చూశాను. ఉన్నమాట నిజమే. కానీ వాళ్ళు వంతెన అటు కొసన, వీపులు మావైపు పెట్టి, నదిలోకి రాళ్ళు విసురుకుంటున్నారు. మేం అక్కణ్ణించి గొంతు చించుకున్నా వాళ్ళకు వినపడదు.

"అంతే కదే? చెప్పవేం?" అన్నాడు బావ. నా మొహంలోకే చూస్తున్నాడు.

"మరి? వాళ్ళుంటే ఇంకేమంటాడు బావా?" అన్నాను.

"అదీ సంగతి" అన్నాడు. మూట ఇంకో భుజానికి మార్చుకుని, ఇంటిదాకా ఏదో కూనిరాగం తీసుకుంటూ నాకన్నా ముందు నడిచాడు.